బిల్లు చూసేవాడి జీతం ఎవరిస్తారు?

ఆసుపత్రి బిల్లులు, బీమా గురించి అమెరికాలోని మా పాఠకులు అడిగే ప్రశ్నలకు, టెక్సస్‌లో ఒక ఆసుపత్రి బిల్లింగ్ ఆఫీసులో 26 ఏళ్లు పనిచేసి రిటైరైన మా కాలమిస్టు జవాబులు.

ప్రశ్న: మేడం, నమస్కారం. కిందటి నెల నాకు చిన్న ఆపరేషన్ అయింది. ఏ పద్దుకు ఎంత అన్నది వివరంగా రాసిన బిల్లు ఆసుపత్రి వాళ్లే పేషెంట్ పోర్టల్‌లో పెట్టారు. టెక్సస్‌లో ఇది చట్టమట. మా ఆఫీసులో ఒకాయనకు చూపిస్తే, "ఇలాంటి చట్టాలన్నీ చివరికి మన పన్నుల మీదే పడతాయి. ఇంకో సెక్షను, ఇంకో పది గవర్నమెంటు ఉద్యోగాలు" అన్నాడు. ఉన్న కాగితం ప్రింటు తీసి ఇవ్వడానికి ఖర్చేముంటుంది అని నేను వాదించాను. మా ఇద్దరిలో ఎవరిది కరెక్టు?
– ఒక పాఠకుడు, ఇర్వింగ్

జవాబు: బాబూ, ప్రింటు గురించి మీరన్నది నిజమే. మా ఆఫీసులో ఆ బిల్లు తీయడానికి నాలుగు నిమిషాలు పట్టేది, అందులో మూడు నిమిషాలు ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నందుకే. అసలు ఖర్చంతా ఆ కాగితం మీ చేతికొచ్చాక మొదలవుతుంది.

ముందు చట్టం సంగతి. 2023లో టెక్సస్ శాసనసభ చేసిన సెనేట్ బిల్లు 490 ఇది. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. బీమా కంపెనీ నుంచి ఆఖరి చెల్లింపు అందిన 30 రోజుల్లోపు ఆసుపత్రి మీకు పద్దుల వారీ బిల్లు రాసి ఇవ్వాలి. చేసిన ప్రతి సేవకూ, వాడిన ప్రతి వస్తువుకూ మామూలు మాటల్లో వివరణ ఉండాలి. బీమాకు పంపిన కోడు, వాళ్లను అడిగిందెంత, వాళ్లిచ్చిందెంత, మీ వంతు ఎంత అన్నవి కూడా ఉండాలి. పోర్టల్‌లో పెట్టినా చెల్లుతుంది. ఇదేదీ ఇవ్వకుండా మిమ్మల్ని బాకీ వసూలు వాళ్లకు అప్పగించడానికి వీల్లేదు.

ఆ చివరి షరతు రాసినవాళ్లు తెలివైనవాళ్లు. దాన్ని అమలు చేయడానికి ఖజానా నుంచి పైసా తీయక్కర్లేదు. ఆసుపత్రికి తన డబ్బు రావాలంటే తనే బిల్లు ఇచ్చుకుంటుంది. మీకు అడక్కుండానే పోర్టల్‌లో పెట్టారంటే కారణం అదే.

అంతకుముందు మేం పంపే బిల్లు ఎలా ఉండేదో మీరు చూసి ఉండరు. "ఫార్మసీ 0250" అని ఒక వరుస, ఎదురుగా ఒక అంకె. "సప్లైస్ 0270" అని ఇంకో వరుస, ఇంకో అంకె. "ఎమర్జెన్సీ 0450". ఇవి బీమాకు పంపే యూబీ-04 ఫారంలోని రెవెన్యూ కోడ్లు. కిరాణా కొట్టువాడు "సరుకులు – 214 డాలర్లు" అని చీటీ ఇస్తే ఊరుకుంటామా? ఆసుపత్రికి మాత్రం ఊరుకున్నాం, అదీ ఏళ్ల తరబడి.

సరే, కాగితం ఇచ్చాక ఏమవుతుందో ఒక్క కేసు చెబుతాను. నా సర్వీసులో సగం నాటిది. ఒకావిడ ఫోన్ చేసి, తన బిల్లులో 96365 అని ఒకసారి, 96366 అని ఆరుసార్లు ఉందేమిటని అడిగింది. నరంలోకి సెలైన్‌తో మందు ఎక్కించినప్పుడు మొదటి గంటకు ఒక కోడు, ఆ పైన ప్రతి గంటకూ ఇంకో కోడు వేస్తారు. అంటే మొత్తం ఏడు గంటలు మందు ఎక్కిందన్న మాట. అదే చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "లేదండీ, రెండింటికల్లా సూది తీసేశారు" అంది. మీకెలా గుర్తుందమ్మా అన్నాను. ఆ సమయానికి వాళ్లాయన కారు గ్యారేజీలోంచి తీసి ముందుకు తెచ్చుకోవచ్చా అని నర్సును అడిగాడట. ఆమె "ఇప్పుడే ఐవీ ఆపేశాను, డిశ్చార్జికి ఇంకా టైమ్ పడుతుంది" అందట. ఆయన పార్కింగ్ టికెట్ వెనక "2:10 ఐవీ ఆఫ్" అని రాసుకున్నాడు. టికెట్ ఫ్యాక్స్ చేశారు. పెన్సిల్ రాత, సగం చెరిగిపోయింది.

చార్టు, అంటే ఆవిడ వైద్య రికార్డు తెప్పించాను. మందు మొదలైన టైమ్ ఉంది, ఆపిన టైమ్ లేదు. ఆపిన టైమ్ లేకపోతే సిస్టమ్ డిశ్చార్జి దాకా గంటలు లెక్కేసేస్తుంది. నేను, బిల్లుకు కోడ్లు వేసే ఆవిడ, ఆ ఫ్లోర్ నర్సు మేనేజరు, మా సూపర్వైజరు – నలుగురం మూడు వారాలపాటు మెయిళ్లు రాసుకున్నాం. చివరికి తగ్గింది 600 డాలర్ల పైచిలుకు. "ఇంత చిన్నదానికి నలుగురి జీతం ఖర్చయింది" అని సూపర్వైజరు విసుక్కున్నాడు. లెక్క చూస్తే ఆయన చెప్పిందీ అబద్ధం కాదు. తరవాత తేలిందేమిటంటే, ఆ ఫ్లోర్లో సాయంత్రం షిఫ్టు మారేటప్పుడు ఆపిన టైమ్ రాసే అలవాటే ఎవరికీ లేదు. ఇంకెందరికి అలా ఎక్కువ పడిందో మేం తవ్వలేదు. తవ్వమని ఎవరూ చెప్పలేదు. తవ్వి ఉండాల్సింది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ బిల్లు ఏ ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టినా తప్పు దొరికేది కాదు. కోడ్లు సరైనవే, వరసలు సరైనవే, కూడిక సరైనదే. సూది ఎప్పుడు తీశారో తెలిసింది మంచం మీదున్న మనిషికీ పక్కనున్న మనిషికీ మాత్రమే.

ఇప్పుడు మీ ఆఫీసాయన మాట. టెక్సస్‌లో శాసనసభ ముందుకొచ్చే బిల్లులకు "ఫిస్కల్ నోట్" అని ఒకటి జతచేస్తారు. లెజిస్లేటివ్ బడ్జెట్ బోర్డు వాళ్లు రాస్తారు. ఈ చట్టం వస్తే వచ్చే ఐదేళ్లలో ఖజానా మీద ఎంత పడుతుందన్నది అందులో ఉంటుంది. శాసనసభ వెబ్‌సైటులో ఎవరైనా చదువుకోవచ్చు. నేను రిటైరయ్యాక ఇవి చదవడం ఒక పిచ్చిలా పట్టుకుంది. మా పిల్లలు నవ్వుతారు. వాటిలో మళ్లీ మళ్లీ కనబడే వాక్యం ఒకటుంది: అయ్యే ఖర్చును ఉన్న వనరులతోనే సర్దుకోవచ్చు, అని. సర్దుకోవడమంటే ఏమిటో ఇల్లు నడిపినవాళ్లకు తెలుసు. వండిన అన్నానికి ఇద్దరు చుట్టాలు అదనంగా వస్తే గిన్నె పెద్దదవదు, అందరి కంచంలోనూ ఒక గరిటె తగ్గుతుంది.

ఇక్కడా అంతే. ఆసుపత్రి మీకు బిల్లు ఇవ్వలేదనుకోండి. ఫిర్యాదు వెళ్లేది ఆసుపత్రులకు లైసెన్సులిచ్చే హెల్త్ అండ్ హ్యూమన్ సర్వీసెస్ కమిషన్‌కు. లైసెన్సు నిబంధన తప్పినట్టే లెక్కకట్టి చర్య తీసుకునే అధికారం ఉంది. కానీ నర్సింగ్ హోములు, పిల్లల డేకేర్లు చూసేది కూడా అదే కమిషన్. ఒక నర్సింగ్ హోమ్‌లో ముసలాయన పడి తుంటి విరిగిందని ఒక ఫిర్యాదు, మీ బిల్లులో వివరణ అర్థం కావడం లేదని ఇంకో ఫిర్యాదు ఒకే రోజు వస్తే ఏది ముందు చూడాలి? నేనైనా తుంటి సంగతే చూస్తాను. కాబట్టి కొత్త ఉద్యోగాలు పది వస్తాయని మీ మిత్రుడు భయపడక్కర్లేదు. నాకున్న దిగులు అవి రాలేదనే.

ఇంకో ఖర్చుంది, అది ఫిస్కల్ నోట్లో మొదటి పేజీలో కనబడదు. మీరుండేది ఇర్వింగ్, అంటే డాలస్ కౌంటీ. మీకు ఇల్లుంటే ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు తీసి చూడండి. అందులో పార్క్‌లాండ్ ఆసుపత్రికి ఒక వరుస ఉంటుంది. అది కౌంటీ హాస్పిటల్ డిస్ట్రిక్టు నడిపే ప్రభుత్వ ఆసుపత్రి. హ్యూస్టన్ వైపు హ్యారిస్ హెల్త్ కూడా అలాంటిదే. ప్రైవేటు ఆసుపత్రికి వర్తించిన నిబంధనే వీటికీ వర్తిస్తుంది. బిల్లు నమూనా మార్చాలి, వేల పద్దులకు మామూలు మాటల్లో పేర్లు రాయాలి, ఫోన్లు ఎత్తే మనుషులను పెంచాలి. ఆ డబ్బు ప్రాపర్టీ ట్యాక్స్ లోంచీ వస్తుంది. ఈ మేరకు మీ ఆఫీసాయన మాట నిజం.

వేల పద్దులకు పేర్లు రాయడమంటే చిన్న పని అనుకోకండి. మా చార్జ్‌మాస్టర్‌లో, అంటే ఆసుపత్రి ధరల పట్టికలో, ఒక వరుస "KT CATH FOLY 16FR" అన్నట్టు ఉండేది. దాన్ని "మూత్రం పోవడానికి పెట్టే గొట్టం, దాని సామాను" అని రాయడానికి ఒక నర్సు, ఒక కోడరు కూర్చోవాలి. ఒక్కసారి రాస్తే సరిపోదు, కొత్త సామాను వచ్చినప్పుడల్లా రాయాలి.

ముందస్తు అంచనాల మీద నాకు నమ్మకం ఎందుకు తక్కువో కూడా చెప్పాలి. ఇది కేంద్రం సంగతి. 2020 డిసెంబరులో నో సర్‌ప్రైజెస్ యాక్ట్ వచ్చింది. నెట్‌వర్క్‌లో లేని, అంటే బీమా కంపెనీతో ఒప్పందం లేని డాక్టరు పేరుతో పేషెంటుకు హఠాత్తుగా బిల్లు పంపడాన్ని ఆపే చట్టం, 2022 జనవరి 1 నుంచి అమలు. దాన్ని నడపడానికి కాంగ్రెస్ 50 కోట్ల డాలర్లు కేటాయించింది. డబ్బు దగ్గర బీమా కంపెనీకీ డాక్టర్లకూ తేడా వస్తే మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలి. ఏడాదికి 17 వేల చిల్లర తగాదాలు వస్తాయని అధికారులు అంచనా వేశారు. 2022 ఏప్రిల్ 15 నుంచి 2023 మార్చి 31 వరకు, ఏడాది కూడా నిండకుండానే, వచ్చినవి 3,34,828. ఒక్కో పార్టీ కట్టే రుసుము 50 డాలర్లతో మొదలుపెట్టి, 2023లో 350కి పెంచారు. టెక్సస్ ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేస్తే మళ్లీ 50కి దించి, 2024లో 115 చేశారు. చట్టం చెడ్డదని అనడం లేదు. పేషెంటును ఆ గొడవలోంచి బయటికి లాగింది, అది చిన్న మేలు కాదు. లెక్క కట్టినవాళ్లు మాత్రం, తగాదా పెట్టుకోవడం కొందరికి వ్యాపారమవుతుందని లెక్కలో వేసుకోలేదు.

పిసినారితనంగా అమలు చేస్తే ఏమవుతుందో దానికీ ఉదాహరణ ఉంది. ఆసుపత్రులు తమ ధరలను వెబ్‌సైట్లలో పెట్టాలన్న కేంద్ర నిబంధన 2021 జనవరి 1న వచ్చింది. పెట్టకపోతే జరిమానా రోజుకు 300 డాలర్లు. మా ఆసుపత్రి పార్కింగ్ గ్యారేజీకే అంతకంటే ఎక్కువ వచ్చేది. మరుసటి ఏడాది పెంచి, పెద్ద ఆసుపత్రులకు మంచానికి 10 డాలర్ల లెక్కన రోజుకు 5,500 దాకా చేశారు. మొదటి జరిమానాలు 2022 జూన్‌లో జార్జియాలో రెండు ఆసుపత్రులకు పడ్డాయి. రెంటికీ కలిపి సుమారు 11 లక్షల డాలర్లు. నిబంధనకూ మొదటి జరిమానాకూ మధ్య దాదాపు ఏడాదిన్నర. ఆ ఏడాదిన్నర ఆసుపత్రులు ఏం చేశాయో నాకు తెలుసు, నేను మీటింగుల్లో కూర్చున్నాను. "చూద్దాం" అన్నారు.

కాబట్టి మీ వాదన తేల్చమంటే నా మాట ఇది. కాగితం ఇవ్వమనడం దాదాపు ఉచితమే. అందులో రాసింది నిజంగా జరిగిందా అని చూడటానికి ఒక మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి. సెనేట్ బిల్లు 490 ఆ పని ఏ ఉద్యోగికీ అప్పజెప్పలేదు. దాంతో ఆ పని మీ మీద పడింది. రాత్రి పిల్లలు పడుకున్నాక 11 పేజీలు ముందేసుకుని కూర్చునేది మీరు. మర్నాడు ఆఫీసులో కాన్ఫరెన్స్ రూమ్‌లోకి వెళ్లి 40 నిమిషాలు హోల్డ్‌లో ఉండేది మీరు. ఆ గంటలు ఏ ఫిస్కల్ నోట్లోనూ లేవు. నేను మాత్రం ప్రతి ఏడూ కొన్ని బిల్లులు తీసి, చార్టుతో పోల్చి చూసే నలుగురు నర్సులను కమిషన్ పెట్టుకుంటే బాగుంటుందనుకుంటాను. దానికి నా పన్నులోంచి కాస్త పోతే పోనీ. సూది ఎప్పుడు తీశారో వాళ్లకూ తెలియదు. కానీ ఫ్లోర్ మొత్తం ఆపిన టైమ్ రాయడం లేదన్న సంగతి మొదటి పది చార్టుల్లోనే వాళ్లకు దొరుకుతుంది.

అన్నట్టు, మీ బిల్లులో ఐవీ గంటలు ఎన్నున్నాయో ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: మేడం గారూ, నేను, మా ఫ్రెండ్ కలిసి చిన్న సర్జరీ సెంటర్ నడుపుతున్నాం. ఈ బిల్లు నిబంధనల కోసం సాఫ్ట్‌వేర్ కంపెనీకి అదనంగా కట్టాం, ఒక మనిషిని పార్ట్ టైమ్ పెట్టాం. పెద్ద ఆసుపత్రికి ఇది లెక్కలోకి రాదు, మాలాంటి వాళ్లకు టెన్షన్. మీరు ఎప్పుడూ పేషెంట్ వైపే రాస్తారు. ఆ ఖర్చు మేం మళ్లీ పేషెంట్ మీదే వేయాలి కదా?
– ఒక పాఠకురాలు, షుగర్ ల్యాండ్

జవాబు: అమ్మా, నేను 26 ఏళ్లు మీ వైపు బల్ల దగ్గరే కూర్చున్నాను. చిన్నవాళ్లకు భారం ఎక్కువన్నది ఒప్పుకుంటాను. వెయ్యి మంచాల ఆసుపత్రయినా, రెండు ఆపరేషన్ థియేటర్ల సెంటరయినా బిల్లు నమూనా మార్చే పని ఒక్కటే. దాన్ని పంచుకునే పేషెంట్లు మీకు తక్కువ.

రాష్ట్రం ఒక పని చేసి ఉండొచ్చు. మామూలు మాటల వివరణల జాబితా ఒకటి తానే తయారుచేసి అందరికీ ఉచితంగా ఇవ్వొచ్చు. "రికవరీ రూమ్, మొదటి అరగంట" అని ఒక్కచోట రాస్తే ప్రతి సెంటరూ మళ్లీ రాసుకోనక్కర్లేదు. అందులో ఒక చిక్కుందని మీకూ తెలుసు. చేసిన వైద్యానికి వేసే సీపీటీ కోడ్లు, వాటి వర్ణనలు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ కాపీరైటు. ప్రభుత్వం కూడా వాటిని ఇష్టమొచ్చినట్టు అచ్చేయలేదు. సొంత మాటల్లో రాయించాలి. అలా రాయించే ఖర్చు రాష్ట్రం ఒక్కసారి పెట్టుకుంటే, మీలాంటివాళ్లు విడివిడిగా పెట్టుకునేదంతా మిగులుతుంది.

పేషెంట్ మీద వేయడం గురించి అడిగారు. బీమా కంపెనీతో మీ రేటు కాంట్రాక్టులో ముందే రాసుంటుంది, రేపే పెంచలేరు. కాంట్రాక్టు తిరగరాసేటప్పుడు అడుగుతారు. అదేమీ తప్పు కాదు. ఆ పార్ట్ టైమ్ మనిషి వచ్చాక బాకీలు తొందరగా వసూలవుతున్నాయో లేదో మాత్రం ఒకసారి లెక్క చూసుకోండి. నా అనుభవంలో అర్థమైన బిల్లు త్వరగా కట్టేస్తారు. అర్థం కాని బిల్లు ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉండిపోతుంది.

ప్రశ్న: మా నాన్నగారికి మెడికేర్ (పెద్దవాళ్లకిచ్చే ప్రభుత్వ బీమా) ఉంది. మేముండేది టెక్సస్ కాదు. ఆసుపత్రిని పద్దుల వారీ బిల్లు అడిగితే "అలాంటిది మేం ఇవ్వం" అని ఫోన్లో అన్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: ఫోన్లో అడగడం మానేయండమ్మా. మెడికేర్ ఉన్నవాళ్లకు ఈ హక్కు అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. 1997లో వచ్చిన బ్యాలెన్స్‌డ్ బడ్జెట్ యాక్ట్‌లో రాశారు. రాసి అడిగితే 30 రోజుల్లో ఇవ్వాలి. తెలిసీ ఇవ్వకపోతే ఒక్కో తప్పుకు 100 డాలర్ల దాకా జరిమానా అని ఆ చట్టంలో రాశారు. 100 డాలర్లకు ఎవరూ వణకరు. అయినా ఉత్తరంలో ఆ చట్టం పేరు కనబడితే ఫోన్ ఎత్తే అమ్మాయి దాన్ని తన దగ్గర ఉంచుకోకుండా పై అధికారికి పంపుతుంది. మాకు అలాంటి ఉత్తరాలు వస్తే మేమూ అంతే చేసేవాళ్లం.

హిపా, అంటే ఆరోగ్య సమాచార గోప్యతా చట్టం కింద కూడా అడగొచ్చు. చార్టు ఒక్కటే కాదు, బిల్లింగ్ రికార్డులు చూసుకునే హక్కు కూడా అందులో ఉంది. దానికీ 30 రోజులే గడువు. అయితే అడిగేది నాన్నగారి పేరు మీద, ఆయన సంతకంతో ఉండాలి. ఆయన తరఫున అడిగే అధికారం మీకు రాతపూర్వకంగా లేకపోతే, మీరు అడిగితే ఇవ్వకపోవచ్చు.

ఉత్తరంలో నాలుగు ముక్కలు చాలు: ఆయన పూర్తి పేరు, పుట్టినరోజు, ఆసుపత్రిలో ఉన్న తేదీలు, "పద్దుల వారీ బిల్లు కావాలి" అన్న ఒక్క వాక్యం. కోపం, కథ ఏవీ వద్దు. సర్టిఫైడ్ మెయిల్లో పంపండి. పోస్టాఫీసు వాళ్లిచ్చే ఆకుపచ్చ రసీదును ఉత్తరం నకలుకు పిన్ను కొట్టి ఉంచండి. 31వ రోజున ఫోన్ చేసినప్పుడు మీ ముందు అది ఉండాలి.